కంప్యూటరు బొమ్మలకు కదలిక నేర్పిన ఎడ్విన్ కాట్మల్

కన్నులు మూసికొని ఒక ఎర్రని బంతిని ఊహింపుమన్నచో మనలో చాలమందికి ఆ బంతి మసకగానైనను మనస్సులో కనబడును. కొందరికి అది ఎదుట ఉన్నంత స్పష్టముగా తోచును. కొద్దిమందికి మాత్రము ఏమియు కనబడదు. బంతి యనగా నేమో వారెరుగుదురు. దాని గుండ్రదనమును, రంగును మాటలలో చెప్పగలరు. కాని వారి లోపలి తెరమీద చీకటి తప్ప మరేమియు ఉండదు. 2015లో ఆడమ్ జీమన్ అను బ్రిటిషు నాడీవైద్యుడు ఈ స్థితికి అఫాంటేషియా అని పేరు పెట్టెను. ఇది రోగము కాదు. ఇట్లున్నవారికే చాలకాలము తాము ఇతరులవలె లేమను సంగతి తెలియదు.

అట్టివారిలో ఒకడు తన జీవితమంతయు బొమ్మలతోడనే గడపెను. మొట్టమొదటి పూర్తి నిడివి కంప్యూటరు బొమ్మల చలనచిత్రమును నిర్మించిన సంస్థకు అధ్యక్షుడుగా ఉండెను. ఆయనయే ఎడ్విన్ కాట్మల్. ధ్యానము అభ్యసించుచు ఒక గోళమును మనస్సున నిలుపవలసి వచ్చినపుడు ఎంత యత్నించినను ఏమియు కానరాకపోవుటచే ఆయనకు ఈ సంగతి బోధపడెను. లోపల బొమ్మ కనబడనివాడు బయట బొమ్మను ఎట్లు సృష్టించెను? ఈ ప్రశ్నకు జవాబు కొంత గణితమునందు, కొంత ఆయన మనుష్యులతో పనిచేసిన తీరునందు కలదు.

కాట్మల్ 1945 మార్చి 31న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమునందలి పార్కర్స్‌బర్గ్‌లో జన్మించెను. పెరిగినది యూటా రాష్ట్రపు సాల్ట్ లేక్ సిటీలో. బాల్యమున ఆయనకు ఇద్దరు ఆరాధ్యులు: వాల్ట్ డిస్నీ, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. ఒకరు లేనిదానిని పుట్టించువారు, మరియొకరు ఉన్నదానిని వివరించువారు. నోటుపుస్తకపు పుటల అంచున కొద్దికొద్ది మార్పులతో బొమ్మలు గీసి, పుటలను బొటనవ్రేలితో జారవిడిచినచో బొమ్మ కదలినట్లు కనబడును గదా! కాట్మల్ అట్టి పుస్తకములు ఎన్నియో చేసెను. డిస్నీ సంస్థలో చిత్రకారుడు కావలెనని ఆయన కోరిక. కాని ఉన్నత పాఠశాల ముగియు వేళకు, తన చేతిలో అంతటి నేర్పు లేదని ఆయనకే తెలిసిపోయెను. ఆశ విడిచి భౌతికశాస్త్రమునకు మరలెను. 1969లో యూటా విశ్వవిద్యాలయమునుండి భౌతికశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము రెంటిలోను పట్టము పొంది బోయింగ్ విమాన సంస్థలో ఉద్యోగమునకు చేరెను. కొలదికాలమునకే ఆ సంస్థ వేలమందిని పనినుండి తొలగించెను. వారిలో కాట్మల్ కూడ ఉండుటచే, 1970లో తిరిగి చదువునకు వచ్చెను. ఆ ఉద్యోగము పోకుండినచో ఈ కథ వేరుగా నుండెడిదేమో!

ఆ రోజులలో యూటా కంప్యూటరు శాఖ ఒక అపూర్వమైన చోటు. డేవిడ్ ఇవాన్స్ దానిని స్థాపించెను. తెరమీద కాంతిలేఖినితో బొమ్మ గీయు ‘స్కెచ్‌ప్యాడ్’ను 1963లో నిర్మించిన ఐవాన్ సదర్లండ్ అక్కడ ఆచార్యుడు. విద్యార్థులలో తరువాత అడోబ్ సంస్థను స్థాపించిన జాన్ వార్నాక్, సిలికాన్ గ్రాఫిక్స్ స్థాపకుడు జేమ్స్ క్లార్క్, ఆలన్ కే మున్నగువారు ఉండిరి. ఆచార్యులు విద్యార్థులకు గదులు, యంత్రములు ఇచ్చి, ఇష్టమైన సమస్యను ఎన్నుకొనుమని వదలివేసెడివారట. తాను నాయకుడైన పిదప కాట్మల్ ఈ వాతావరణమునే మరల కల్పింప యత్నించెను.

తరగతి పనిగా 1972లో ఆయన తీసిన ఒక నిమిషపు చిత్రము ఇప్పటికిని చూడదగినది. తన ఎడమచేతికి మూసపోసి, ప్లాస్టరుతో చేతి ప్రతిమ తయారుచేసెను. దానిమీద సిరాతో చేపలవలవంటి గీతలు గీసెను. సుమారు 350 చిన్న త్రిభుజములు, బహుభుజములు ఏర్పడెను. ఒక్కొక్క మూలయొక్క పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఆ సంఖ్యలను కంప్యూటరునకు ఎక్కించెను. కంప్యూటరు దృష్టిలో చేయి యనగా ఆ సంఖ్యల పట్టికయే. వ్రేళ్ళు ముడుచుట యనగా కొన్ని సంఖ్యలను ఒక నియమము ప్రకారము మార్చుట. (ఇదే శాఖలో ఆన్రీ గురో అను ఫ్రెంచి విద్యార్థి తన భార్య ముఖముమీదనే గీతలు గీసి కొలతలు తీసెను. పరిశోధకుల ఇండ్లలో కూడ సహనమునకు కొరత లేదనవలెను.) పలకలన్నియు చదునైనవే అయినను, అంచులవద్ద వెలుగునీడలను క్రమముగా కలిపివేయు గురో పద్ధతివలన చేయి నున్నగా కనబడినది. ఆ చిత్రములో ఒకచోట మనదృష్టి అరచేతిలోనికి దూరి, లోపలినుండి వ్రేళ్ళ డొల్లలను చూచును. ఏ కెమెరాకును సాధ్యముకాని చూపు అది. ఈ చేయి 1976లో ‘ఫ్యూచర్‌వరల్డ్’ అను చిత్రమున కనబడెను. 2011లో అమెరికా జాతీయ చలనచిత్రముల పట్టికలో చేర్చి భద్రపరచిరి.

ఇక అసలు చిక్కును చూతము. చేయి బొమ్మలో చూపుడువ్రేలు ముందు, అరచేయి వెనుక నున్నవనుకొనుడు. మన కంటికి వ్రేలు కనబడి, దాని వెనుక భాగము మరుగుపడును. కన్ను ఈ పనిని అప్రయత్నముగా చేయును. కంప్యూటరునకు ముందు వెనుకలు తెలియవు. ప్రతి పలకను గీయుమన్నచో గీయును. కావున ఏది ఏది మరుగుపరచునో లెక్కవేసి చెప్పవలెను. వెనుక పలకలను ముందు గీసి, ముందున్న వానిని పిదప వానిపై గీయవచ్చును గదా యని తోచును. కాని మూడు తాటాకులను తీసికొని, మొదటిది రెండవదానిపైన, రెండవది మూడవదానిపైన, మూడవది మరల మొదటిదానిపైన వచ్చునట్లు అల్లి చూడుడు. మన తడికలలో ఉండునది ఇదే అల్లిక. వీనిలో అన్నిటికంటె వెనుకనున్నది ఏది? ఏదియు కాదు! వరుస పెట్టుటయే అసాధ్యము. ఈ చిక్కును విప్పుటకు అప్పటికి నానావిధములైన ఉపాయములు ఉండెను. 1974లో సదర్లండ్ మరి ఇద్దరితో కలిసి పది పద్ధతులను పోల్చి చూపెను.

కాట్మల్ చెప్పిన ఉపాయము విన్నచో, ఇంత తేలికయా యనిపించును. తెరమీద అడ్డమునకు 512, నిలువునకు 512 చుక్కలు ఉన్నవనుకొందము. మొత్తము 2,62,144 చుక్కలు. ప్రతి చుక్కకు రంగు వ్రాసికొను గడి ఎట్లును ఉండును. దానితోపాటు దూరము వ్రాసికొను గడి మరియొకటి పెట్టుడు. మొదట ఆ గడులన్నిటిలో మిక్కిలి పెద్ద సంఖ్య వ్రాయుడు. ఇప్పుడు పలకలను ఏ వరుసలోనైనను గీయుచు రండు. ఒక చుక్కవద్ద అరచేయి 42 అంగుళముల దూరమున నున్నది. గడిలోని పెద్ద సంఖ్యకంటె 42 తక్కువ. కావున అరచేతి రంగును, 42ను వ్రాసికొందుము. తరువాత అదే చుక్కవద్దకు 40 అంగుళముల దూరమున నున్న వ్రేలు వచ్చినది. 40 తక్కువ కావున పాత రంగును తుడిచి వ్రేలి రంగు వేయుదుము. వ్రేలు ముందు వచ్చి అరచేయి పిదప వచ్చినచో, 42 ఎక్కువ కావున దానిని వదలివేయుదుము. ఫలితము ఒక్కటే. తాటాకుల తడిక కూడ ఇట్టే పరిష్కారమగును. ఏలయన, ప్రశ్న ‘ఏ ఆకు ముందు?’ అని కాక, ‘ఈ చుక్కవద్ద ఏది ముందు?’ అని మారినది.

దీనిని జెడ్-బఫరు అందురు. మనము దూరపు పట్టిక అనవచ్చును. ఇందులో లోపమొక్కటే. రెండున్నర లక్షలకు పైగా అదనపు సంఖ్యలను దాచుటకు కంప్యూటరు జ్ఞాపకములో చోటు కావలెను. 1974లో ఆ చోటు మిక్కిలి ఖరీదైనది. నాడు దుబారాగా కనబడిన ఈ పద్ధతి, జ్ఞాపకపు చిప్పుల ధర పడిపోవుటతో అందరికి అందుబాటులోనికి వచ్చినది. నేడు మన చేతిఫోనులలో బొమ్మలు గీయు చిప్పులో సైతము ఇదియే పనిచేయుచున్నది. అదే సంవత్సరమున జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ స్ట్రాసర్ కూడ స్వతంత్రముగా ఈ ఊహను తన సిద్ధాంతగ్రంథమున ప్రకటించెనని చెప్పుట న్యాయము.

కాట్మల్ 1974 నాటి సిద్ధాంతగ్రంథములో మరి రెండు ముఖ్యాంశములు కలవు. వంపుతిరిగిన తలమును పలకలుగా కాక, వంపుగానే సమీకరణములతో వర్ణించి, దానిని నాలుగు ముక్కలుగా, ప్రతి ముక్కను మరల నాలుగుగా ఖండించుచు పోవుట మొదటిది. పదిమార్లు ఖండించినచో 10,48,576 ముక్కలగును. ముక్క తెరమీది చుక్కకంటె చిన్నదైనపుడు ఆపి రంగు వేయుదురు. రెండవది తలముమీద అద్దకము. మచిలీపట్నపు అద్దకమువాడు చదునైన గుడ్డమీద పూలు అద్దును. ఆ గుడ్డ కట్టినవారి ఒంటిమీద వంపులు తిరిగినను, ప్రతి పూవు గుడ్డలో తనచోటనే యుండును. అట్లే వంపు తలముమీది ప్రతి బిందువునకు, చదునైన బొమ్మలో ఏ బిందువు సరిపడునో లెక్కకట్టి ఆ రంగును తెచ్చుట. చెక్క ఈనెలు, ఇటుకగోడ, చర్మపు మచ్చలు అన్నియు ఈ విధముగా వచ్చినవే. 1978లో జేమ్స్ క్లార్క్‌తో కలిసి, మూలలను సగటు తీయుచు మోటు ఆకృతిని నున్నగా చేయు పద్ధతిని ప్రకటించెను. అది సుమారు ఇరువది యేండ్లకు, 1997 నాటి ‘గెరీస్ గేమ్’ అను పొట్టి చిత్రములో ముసలివాని ముఖమునకు, చేతులకు ఉపయోగపడెను.

మనస్సున బొమ్మ కనబడనివానికి ఇవన్నియు ఎట్లు తోచెనను సందేహమునకు నాకు తోచిన సమాధానమిది. కంప్యూటరునకు కూడ లోపల బొమ్మ కనబడదు. దానికి చెప్పవలసినది చూపు కాదు, నియమము. ఇది నా ఊహయే కాని నిరూపితమైన విషయము కాదు.

చదువుచుండగా ఒకసారి కాట్మల్ విశ్వవిద్యాలయము తరఫున డిస్నీ సంస్థకు వెళ్ళి, కంప్యూటరుతో బొమ్మలు కదలింపవచ్చునని చెప్పెను. వారు ఆ విషయమున ఆసక్తి చూపలేదు. దానికి బదులు తమ వినోదవనములో స్పేస్ మౌంటెన్ అను సవారీ నిర్మాణమునకు సాయపడుమని ఉద్యోగము చూపిరి. బాల్యపు కలల సంస్థ పిలిచినను ఆయన ఒప్పుకొనలేదు. పూర్తి నిడివి చిత్రమును కంప్యూటరుతో తీయవలెనని అప్పటికే సంకల్పించెను.

1974లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అధిపతి అలెగ్జాండర్ షూర్ ధనమిచ్చి, లాంగ్ ఐలండ్‌లో ఒక ప్రయోగశాల పెట్టించి, కాట్మల్‌ను దానికి పెద్దగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది నిండలేదు. ఉద్యోగమునకు వచ్చిన ఆల్వీ రే స్మిత్‌ను చూచినపుడు, ఈ ప్రయోగశాలను నడుపుటకు తనకంటె ఇతడే యోగ్యుడని కాట్మల్‌కు తోచెనట. ఒక నాయకునికి ఇంతకంటె ఇరకాటమేమున్నది! తన కుర్చీకే ఎసరు కాగలవానిని తెచ్చుకొనుటయా, మానుటయా? ఆయన స్మిత్‌ను తీసికొనెను. వారిరువురి స్నేహమునుండియే, ప్రతి చుక్కకు రంగుతోపాటు ‘ఎంత పారదర్శకము’ అను సంఖ్యను కూడ దాచు పద్ధతి పుట్టినది. బొమ్మలను ఒకదానిపై నొకటి అతికించుటకు నేటికిని అదియే ఆధారము. తనకంటె తెలివైనవారిని తెచ్చుకొనుమను మాట అందరును చెప్పుదురు. కడుపులో భయమును ఒప్పుకొని ఆ పని చేసినవారు తక్కువ.

1979లో జార్జి లూకస్ తన సంస్థలో కంప్యూటరు విభాగము స్థాపింపదలచి కాట్మల్‌ను పిలిచెను. ఈ పనికి ఇంకెవరు తగుదురని ప్రశ్నింపగా, కాట్మల్ దాచక ఆ రంగమునందలి సమర్థుల పేర్లు వరుసగా చెప్పెను. ఇతరులెవ్వరును అట్లు చెప్పలేదట. ఉద్యోగము ఆయనకే వచ్చెను. 1982లో ‘స్టార్ ట్రెక్ 2’ చిత్రమున చచ్చిన గ్రహము పచ్చబడు దృశ్యమును ఈ బృందము చేసెను. 1984లో జాన్ లాసెటర్ అను చిత్రకారుడు చేరిన పిమ్మట, గణితజ్ఞుల తెరమీదికి నటన వచ్చినది.

లూకస్ ఆ విభాగమును అమ్మదలచగా, 1986 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ 50 లక్షల డాలర్లకు కొని, మరి 50 లక్షలు మూలధనముగా పెట్టెను. అదియే పిక్సార్. తరువాతి అయిదేండ్లు కష్టకాలము. సంస్థ అమ్మదలచినది బొమ్మలను గీయు ప్రత్యేక కంప్యూటరు, కొనువారు తక్కువ. జాబ్స్ చేతినుండి కోట్ల డాలర్లు ఖర్చగుచుండెను. ఆయన సంస్థను అమ్మివేయుటకు కూడ యత్నించెను. 1991లో ఉద్యోగులలో మూడవవంతుకు పైగా తొలగింపబడిరి. బోయింగ్‌లో ఒకప్పుడు తాను అనుభవించినదానినే కాట్మల్ ఇతరులకు చేయవలసివచ్చెను. ఈ మధ్యలోనే ‘లక్సో జూనియర్’ (1986), ఆస్కారు పొందిన ‘టిన్ టాయ్’ (1988) అను పొట్టి చిత్రములు వచ్చెను.

1995 నవంబరు 22న ‘టాయ్ స్టోరీ’ విడుదలయ్యెను. అందులో 1,14,240 ఫ్రేములు. అవి తయారగుటకు కంప్యూటర్లు మొత్తము 8,00,000 గంటలు పనిచేసెను. అనగా ఒక్క ఫ్రేమునకు సగటున ఏడుగంటలు. చూచువాని కంటిముందు అది నిలుచునది సెకండులో ఇరువదినాల్గవ వంతు. ఒక్క యంత్రముతో చేసినచో తొంబది యేండ్లు దాటెడిది. వారము తిరుగకుండ పిక్సార్ వాటాలు ప్రజలకు అమ్ముడయ్యెను.

విచిత్రమేమన, అప్పుడు కాట్మల్‌కు సంతోషమునకు మారు వెలితి కలిగెను. ఇరువది యేండ్ల లక్ష్యము తీరిపోయినది. ఇక చేయవలసినదేమి? అదే సమయమున ఒక సంగతి బయటపడెను. చిత్రనిర్మాణపు పనులను చక్కబెట్టిన మేనేజర్లు, తమను రెండవతరగతి మనుష్యులుగా చూచిరని బాధపడుచుండిరి. ఆయన గది తలుపు ఎల్లప్పుడు తెరచియే ఉండెడిది. ఐనను ఎవ్వరును వచ్చి చెప్పలేదు. ఎదుటనున్నది తనకెట్లు కనబడలేదను ప్రశ్న అప్పటినుండి ఆయనకు గణితసమస్యవంటిదైనది.

బల్ల కథ ఇందుకు మంచి ఉదాహరణము. పిక్సార్ సమావేశపు గదిలో పొడవైన సన్నని బల్ల యొకటి ఉండెను. మాటలు వినబడుటకై పెద్దలు నడుమ కూర్చుండెడివారు. వారి చోటులు గుర్తించుటకు పేర్ల చీటీలు పెట్టుట ఆరంభమైనది. నడుమనుండి దూరమైనకొలది మనిషి మాటకు విలువ తగ్గిపోయెను. నడుమ కూర్చున్న కాట్మల్‌కు పదియేండ్లకు పైగా ఇది తోచనే లేదు. వేరొక గదిలో చదరపు బల్లచుట్టు జరిగిన సమావేశములో అందరును ధారాళముగా మాటాడుట చూచినపుడు తెలిసెను. బల్లను మార్పించెను. కాని చీటీలు పెట్టు అలవాటు వెంటనే పోలేదు. అదియు పోవుటకు మరల పూనుకొనవలసివచ్చెను.

కథలను సరిదిద్దుటకు వారు ఏర్పరచుకొన్న బృందమునకు బ్రెయిన్‌ట్రస్ట్ అని పేరు. తయారగుచున్న చిత్రమును కొన్ని నెలలకొకసారి చూచి, తోటి దర్శకులు లోపములను నిర్మొగమాటముగా చెప్పుదురు. కాని వారికి అధికారము లేదు. చెప్పినదానిని దర్శకుడు స్వీకరింపవచ్చును, మానవచ్చును. ఆజ్ఞ లేదు కావున వినువాడు తన్ను కాపాడుకొనుటకు పెనుగులాడనక్కరలేదు. ఇందులోని కిటుకు అదియే. యజమాని యైన జాబ్స్ ఈ సమావేశములకు రాకుండుటయు ఇందుకే.

‘టాయ్ స్టోరీ 2’ తయారగుచుండగా 1998లో ఎవరో ఇచ్చిన ఒక్క ఆజ్ఞవలన చిత్రపు ఫైళ్ళలో తొంబదిపాళ్ళు చెరిగిపోయెను. దాచిన నకళ్ళు కూడ పనిచేయలేదు. పసిబిడ్డ ఉండుటచే ఇంటినుండి పనిచేయుచున్న సాంకేతిక దర్శకురాలు గేలిన్ సస్మన్ ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉండుటచే గండము గడిచెను. ఎవరు చెరిపిరో వెదకి దండింపలేదు. అయితే ఆ చిత్రపు కథ బాగులేదని తేలి, సుమారు తొమ్మిది నెలలలో మరల మొదటినుండి తీయవలసివచ్చినది. చిత్రము గెలిచినది కాని, పనివారిలో మూడవవంతుమందికి చేతుల నరముల నొప్పులు వచ్చెను. అలసిన చిత్రకారుడొకడు బిడ్డను కారులోనే మరచి పనికి వచ్చెను. వేళకు కనుగొనుటచే బిడ్డ బ్రతికెను. ఆ తప్పు తమదే యని కాట్మల్ తన పుస్తకమున వ్రాసికొనెను.

2006లో డిస్నీ సంస్థ 740 కోట్ల డాలర్లకు పిక్సార్‌ను కొని, కాట్మల్‌ను తన బొమ్మల విభాగమునకు కూడ అధ్యక్షుని చేసెను. ఒకప్పుడు తన మాట వినని ఆ సంస్థకే ఆయన నాయకుడయ్యెను. రెండు స్టూడియోలను కలిపివేయక, ఎవరి చిక్కులను వారే తీర్చుకొనవలెనని నియమము పెట్టెను. డిస్నీ స్టూడియో మరల లేచి 2010లో ‘ట్యాంగిల్డ్’, 2013లో ‘ఫ్రోజెన్’ తీసెను.

ఈ కథలో ఒక మచ్చను దాచరాదు. ఒక సంస్థ ఉద్యోగులను మరియొక సంస్థ పిలువరాదని బొమ్మల స్టూడియోలు లోలోపల ఒప్పందములు చేసికొని జీతములు పెరుగకుండ ఆపినవని చిత్రకారులు 2014లో దావా వేసిరి. కాట్మల్ వ్రాసిన జాబులు, ఇచ్చిన సాక్ష్యము అందులో బయటపడెను. పరిశ్రమ నిలుచుటకు అది అవసరమని ఆయన సమర్థించుకొనెను. 2017లో డిస్నీ, పిక్సార్, లూకస్‌ఫిల్మ్‌లు తప్పు ఒప్పుకొనకయే 10 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. బల్లచివర కూర్చున్నవానికై అంతగా ఆలోచించిన మనిషి, అదే మనిషి జీతమువద్ద సంస్థ పక్షమున నిలిచెను. రెండును ఆయనయే. ఒకదానిని చెప్పి రెండవదానిని మానుట చరిత్ర కాదు.

2019లో ఆయన ఉద్యోగమునుండి పూర్తిగా విరమించెను. తన మనోనేత్రపు సంగతి బయటపెట్టినదియు ఆ సంవత్సరమే. పిక్సార్‌లో 540 మందిని ప్రశ్నించి చూడగా, మనస్సున స్పష్టముగా బొమ్మలు చూచు శక్తి చిత్రకారులకంటె మేనేజర్లకే ఎక్కువగా నుండెనట! ‘లిటిల్ మెర్మెయిడ్’లో ఏరియల్ పాత్రకు రూపమిచ్చిన గ్లెన్ కీన్ సైతము, గీయకముందు తనకేమియు కనబడదని చెప్పెను. కాగితముమీద గీత పడిన పిదపనే వారికి బొమ్మ కనబడుచున్నది.

కంప్యూటరు శాస్త్రములో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానము 2019వ సంవత్సరమునకు కాట్మల్‌కును, ప్యాట్రిక్ హన్రహాన్‌కును కలిపి ఇచ్చిరి. 2020 మార్చిలో ప్రకటింపబడిన ఆ బహుమానపు 10 లక్షల డాలర్లను ఇద్దరును పంచుకొనిరి. పిక్సార్ స్థాపించిన తొలినాళ్ళలో కాట్మల్ పనిలోనికి తీసికొన్నవారిలో హన్రహాన్ ఒకడు.